ప్రార్థనయందలి బహువచనము: రౌషెన్‌బుష్ పుస్తకమును, ఒంగోలు సీమయు

ఒక జనసమూహము దేనిని గూర్చి ప్రార్థించునో దానినిబట్టి దాని చరిత్రను గొంత వ్రాయవచ్చును. శాసనములు రాజుల దానములను దెలుపును. కవిలెలు వర్తకుల లాభనష్టములను దెలుపును. ప్రార్థనల పుస్తకమో, ఆ కాలపువారు దేనిని దమ దోషమని యొప్పుకొనిరో, దేనిని దోషముగా నెంచనే లేదో తెలుపును. ఈ దృష్టితోఁ జూచినచో 1910వ సంవత్సరమున అమెరికాలో వెలువడిన యొక చిన్న పుస్తకము చరిత్రకారులు విడువరాని సాధనము. దాని పేరును దెనిఁగించినచో 'దేవునికొఱకును ప్రజలకొఱకును: సాంఘిక ప్రబోధ ప్రార్థనలు' అగును. గ్రంథకర్త వాల్టర్ రౌషెన్‌బుష్. క్రైస్తవులలో అభ్యుదయపక్షమువారి ఆరాధనకు నేఁటికిని మూలమైన గ్రంథములలో నిది యొకటి.

ఈతఁడు 1861లో న్యూయార్కు రాష్ట్రమందలి రాచెస్టరు నగరమున జర్మను కుటుంబమునఁ బుట్టెను. విద్య ముగియు కాలమున నీతనికి హిందూదేశమునకు మిషనరీగాఁ బోవలయునను కోరిక కలిగెను. రామాయపట్నమందలి తెలుఁగు బాప్టిస్టు వేదాంత పాఠశాలకు అధ్యక్షునిఁగాఁ బంపుటకు ఆలోచనయు జరిగెను. కాని పాతనిబంధనమును గూర్చి యీతని యభిప్రాయములు పూర్వాచారమునకు దూరముగా నున్నవని గురువులలో నొకరు ఆక్షేపింపఁగా ఆ ప్రయత్నము నిలిచిపోయెను. తెలుఁగుదేశమునకు రావలసిన యీతఁడు 1886లో న్యూయార్కు నగరమున 'హెల్స్ కిచెన్', అనఁగా 'నరకపు వంటయిల్లు', అని పేరుపడిన పేటలో నొక జర్మను సంఘమునకుఁ గాపరి యయ్యెను.

అచటఁ బదునొకండేండ్లు గడపెను. కిక్కిఱిసిన యిండ్లు, పనిలేని దినములు, రోగములు. వీని నడుమ నాతని మనస్సును మిక్కిలి కలఁచినవి పసిబిడ్డల శవసంస్కారములు. ఆతఁడు నేర్చిన భక్తి ముఖ్యముగా ఒక్కొక్క మనుష్యుని యాత్మరక్షణమును గూర్చినది. త్రాగుఁబోతు మాఱుమనస్సు పొందవచ్చును, దొంగ పశ్చాత్తాపపడవచ్చును, కాని గాలియు వెలుతురును లేని గదిలోఁ జచ్చిన బిడ్డ విషయమునఁ బశ్చాత్తాపపడవలసినవాఁ డెవఁడు? ఇంటి యజమానుఁడా, కూలి తగ్గించిన వ్యాపారియా, చూచియుఁ జూడనట్లున్న సంఘమా? ఆతఁ డెఱిఁగిన ప్రార్థనలలో నీ ప్రశ్నకుఁ జోటు లేకుండెను.

1897లో నాతఁడు రాచెస్టరు వేదాంత పాఠశాలకు అధ్యాపకుఁడుగా మరలి వచ్చెను. 1907లోఁ బ్రకటించిన 'క్రైస్తవమతమును సాంఘిక సంక్షోభమును' అను గ్రంథము నాతని వాదమును లోకమునకు దెలిపెను. మూఁడేండ్లకు వచ్చిన ప్రార్థనల పుస్తకము ఆ వాదమునే ఆరాధనగా మార్చెను. దాని విషయసూచికయే యొక చరిత్ర: పనిచేయు బాలురు, వీధులలోఁ దిరుగు పిల్లలు, శ్రమించు స్త్రీలు, పరదేశమునుండి వచ్చినవారు, యజమానులు, న్యాయాధిపతులు, వైద్యులు, పత్రికారచయితలు. యుద్ధమునకును మద్యపానమునకును ధనసేవకులకును ప్రతికూలముగా 'ఆగ్రహ ప్రార్థనలు' అని యొక భాగము ప్రత్యేకముగాఁ గలదు. పూర్వము ప్రార్థనకు విషయములు కానివని తోఁచిన కర్మాగారమును, న్యాయస్థానమును, పత్రికాలయమును దేవుని సన్నిధికిఁ దెచ్చుట యిందలి విశేషము.

ఈ పుస్తకమునకు ముందు ప్రభువు నేర్పిన ప్రార్థన యొక్క సాంఘికార్థమును గూర్చి యొక వ్యాసము కలదు. ఆ ప్రార్థన 'నేను' అనునది కాదు. ఆహార మడుగునపుడును, క్షమాపణము వేఁడునపుడును బహువచనమే. ఇచటఁ దెలుఁగు వ్యాకరణము మనకొక సూక్ష్మమును జూపుచున్నది. 'మనము' వినువానిని గలుపుకొనును. 'మేము' వినువానిని వేఱుచేయును. దేవుని సంబోధించు మాటయందుఁ దెలుఁగు బైబిలు 'మా' అనుట శాస్త్రసమ్మతమే. అయినను 'మా' అనునంతనే ఎవరెవరు కలిసి 'మేము' అనుచున్నారను ప్రశ్న పుట్టును. రౌషెన్‌బుష్ ప్రార్థనల సారమంతయు నీ ప్రశ్నయందే యున్నది. ఒంగోలు చరిత్రలో నీ ప్రశ్నయే అంతకుఁ బూర్వము క్రియారూపమున వచ్చెను.

జాన్ క్లౌ దొర 1866లో ఒంగోలునకు వచ్చెను. మాదిగలను జేర్చుకొన్నచోఁ దాము రామని అగ్రవర్ణములవారు కొందఱు చెప్పఁగా, ఆయన మాదిగలను విడువలేదు. 1876-78 నాఁటి కఱవులో బకింగ్‌హాము కాలువయందు మూఁడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకుఁ దీసికొని వేలకొలఁది జనులకుఁ గూలి గల్పించెను. కూటికై మతమున జేరిరను మాట రాకుండుటకుఁ గఱవు సాయము సాగినంతకాలము బాప్తిస్మము లాపించెను. పిదప 1878 జూలై 3వ తేదీని గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

రౌషెన్‌బుష్ అక్క ఎమ్మా 1882లోఁ దెలుఁగువారి నడుమఁ బనిచేయ వచ్చి, 1894లో క్లౌ దొరను వివాహమాడెను. మాదిగల కథలను సేకరించి 1899లో నొక గ్రంథమును బ్రకటించెను. 1910లో క్లౌ దొర మరణించెను. 1914లో నామె వెలువరించిన ఆయన చరిత్రకు 'ప్రాచ్యదేశమున సాంఘిక క్రైస్తవము' అని పేరుపెట్టెను. తమ్ముని ప్రార్థనలు ఒంగోలునుండి పుట్టినవని దీనివలన సిద్ధింపదు. అయినను రెండు తావులను ఒకే యుద్యమముగా నామె చూచెనని ఆ పేరే సాక్ష్యము.

లోపములను మఱువరాదు. అమెరికాలో నల్లజాతివా రనుభవించిన యన్యాయమును గూర్చి రౌషెన్‌బుష్ మిక్కిలి తక్కువగా వ్రాసెను. మనుష్యసంఘముల స్వార్థబలమును సాంఘిక సువార్త తక్కువగా నెంచెనని రైన్‌హోల్డ్ నీబర్ 1932లో ఖండించెను. 1918లో, మహాయుద్ధము ముగియకమునుపే రౌషెన్‌బుష్ మరణించెను. అయినను ఆతని గ్రంథము తన భావములపై చెరఁగని ముద్ర వేసెనని మార్టిన్ లూథర్ కింగు 1958లో వ్రాసెను. గ్రంథకర్త విడిచినవారు సైతము ఆతని బహువచనములోఁ దమకుఁ జోటు కల్పించుకొనిరి.

ఒంగోలు, నెల్లూరు, రామాయపట్నము సంఘములలోని పాత ప్రార్థనపుస్తకములను, వ్రాఁతప్రతులను గీర్తనలకొఱకే గాక విషయములకొఱకును బరిశోధింపవలసియున్నది. కఱవు, కూలి, అంటరానితనము అందు ప్రార్థనావిషయము లయ్యెనా? అయినచో ఎప్పటినుండి? ఆ 'మా'లో నెవ్వరు చేరిరి, ఎవ్వరు వెలుపల నిలిచిరి? ఈ ప్రశ్నలకు సమాధానము దొరకినచోఁ దెలుఁగువారి సాంఘిక చరిత్రలో నొక ప్రకరణము పూర్తి యగును.