కంప్రెసర్ పుట్టుపూర్వోత్తరములు

కంప్రెసర్ అనగానే మనలో పెక్కురకు బండిచక్రములకు గాలి కొట్టు యంత్రము స్ఫురించును. నేడు నేను చెప్పబూనినది దానిని గూర్చి కాదు. గాలిని గాక ధ్వనిని అదుము యంత్రము వేఱొకటి కలదు. పాట రికార్డు కెక్కునపుడును, రేడియోలో వెలువడునపుడును, సభలో మైకు గుండ వినవచ్చునపుడును అది నడుమ నిలిచి, హద్దు మీఱిన గొంతును తగ్గించును. శ్రోత దానిని చూడడు, పేరైనను వినడు. అయినను సుమారు 90 ఏండ్లుగా యంత్రముల ద్వారా లోకము వినుచున్న సంగీతములో అధికభాగము దాని చేతిమీదుగా వచ్చినదే.

మనుష్యుని చెవి మిక్కిలి ఓర్పు గలది. ఏకాంతమున గుసగుసను, జాతరలో డప్పుల మ్రోతను ఆ చెవియే వినును. పెద్ద వాద్యబృందమున అతి మంద్రముగ వినబడు ఘట్టమునకును, అతి తీవ్రమైన ఘట్టమునకును శక్తిలో పది లక్షల రెట్ల భేద ముండవచ్చును. దీనినే ఇంజనీర్లు 60 డెసిబెల్లు అందురు. తొలినాటి రేడియోకును గ్రామఫోనుకును ఇంత విశాలమైన నోరు లేదు. మెల్లనిది గరగరలో మునిగిపోవును. బిగ్గఱగా నున్నది యంత్రపు శక్తిని మించి బొంగురుపోవును. కావున 1920ల నాటి స్టేషనులలో ఒక మనుష్యుడు ముల్లును చూచుచు, మీట చేత బట్టుకొని కూర్చుండెడివాడు. గొంతు లేవబోవుచున్నదని కనిపెట్టి ముందుగనే మీటను దించుట, సద్దు మణగిన పిదప తెలియకుండ నెత్తుట అతని విద్య. బి.బి.సి.లో ఈ పనికి సంగీతజ్ఞానము గలవారిని నియమించిరి. వారు స్వరలిపిని ముందుంచుకొని, రాబోవు ఘట్టమును చదువుకొనుచు మీట త్రిప్పెడివారు. ఆ చేతి వెనుక చెవియు, చెవి వెనుక బుద్ధియు నుండెను.

అయితే ఎంతటి నేర్పరి చేయియైనను మాటలోని అక్షరాక్షరమునకు కదలజాలదు. ఈ కొఱత సంగీతమున కంటె ముందు టెలిఫోనులో బాధించినది. 1927 జనవరి 7వ తేదీన న్యూయార్కు, లండను నగరముల నడుమ రేడియో టెలిఫోను ప్రారంభమయ్యెను. మూడు నిమిషముల మాటకు 75 డాలర్లు! అంత సొమ్ము పోసి మాటాడువానికి అవతలి మాటలో సగము ఆకాశపు చిటపటలలో కలిసిపోయినచో ఎట్లుండును? అందులకై బెల్ టెలిఫోను ఇంజనీర్లు కంపాండర్ అను సాధనమును కల్పించిరి. 1934లో మేథెస్, రైట్ అను నిరువురు దానిని వివరించుచు వ్యాసమును ప్రకటించిరి. మాట బయలుదేఱు చోట బలహీనమైన అక్షరములను పైకెత్తి, బలమైనవాని దరి జేర్చుదురు. మాట చేరిన చోట వేఱొక యంత్రము అంతకంతగా వానిని తిరిగి దించును. అట్లు దించునపుడు దారిలో వచ్చి కలిసిన చిటపటలును వానితో పాటే అణగిపోవును.

ఇందలి న్యాయమును గమనింపుడు. ధ్వని నుండి తీసికొనిన హెచ్చుతగ్గులను చివరకు ధ్వనికే మరల నిచ్చివేసిరి. అదుముట సగము పని, విప్పుట సగము పని. ఈ రెండవ సగము త్వరలోనే మఱపున పడెను.

1937లో వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థ రేడియో స్టేషనుల కొఱకు 110-ఏ అను యంత్రమును తెచ్చెను. ధ్వని యొక్క శిఖరములను ఇది అణచును. శిఖరములు అణగినచో తక్కిన ధ్వనినంతయు ఎత్తవచ్చును. 3 డెసిబెల్లు ఎత్తగలిగిన చాలును, ట్రాన్స్‌మిటరు శక్తి రెట్టింపైనట్లే. స్టేషను యజమానులకు ఇంతకంటె ఏమి కావలెను? శ్రోత యింట విప్పు యంత్రము లేదు; అది కావలెనని అడిగినవారును లేరు.

కంప్రెసర్ పని చేయు తీరు కాలువల క్రింద సేద్యము చేయువారికి ఇట్టే బోధపడును. నీరు ఒక గుర్తు వఱకు ఉన్నంతసేపు లస్కరు తలుపు జోలికి పోడు. గుర్తు దాటెనా, దాటిన ప్రతి నాలుగంగుళములకు ఒక అంగుళము మాత్రమే దిగువకు తెలియునట్లు తలుపు దించును. ఆ గుర్తు థ్రెషోల్డు. నాలుగింట నొకటి యను లెక్క రేషియో. తలుపు ఎంత వడిగా దిగునో అది అటాక్. పొంగు తీసిన పిదప ఎంత మెల్లగా లేచునో అది రిలీజ్. పనివాని నేర్పంతయు ఈ కడపటి రెంటిలో నున్నది. తలుపు మఱీ వడిగా పడినచో మృదంగముపై చేయి పడిన క్షణమునందలి స్పష్టత చచ్చిపోవును. మఱీ వడిగా లేచినచో గాయకుని ఊపిరియు, గదిలోని సద్దును పాట నడుమ ఉబ్బుచు తగ్గుచు, ఎవరో రొప్పుచున్నట్లుండును.

1950ల చివర, ఎస్తోనియాలో జన్మించి అమెరికా చేరిన రైన్ నార్మా ఫెయిర్‌చైల్డ్ సంస్థకై నిర్మించిన 670 అను కంప్రెసర్ 20 వాల్వులతో సుమారు 30 కిలోల బరువుండెను. రికార్డు చెక్కు సూది గాడి దాటి ప్రక్కగాడిలోనికి పోకుండ కాచుటకై దానిని చేసిరి. జిమ్ లారెన్సు అను నాతడు కల్పించిన ఎల్.ఏ.-2ఏ మఱింత చిత్రమైనది. ధ్వని హెచ్చినకొలది దానిలోని చిన్న పలక వెలుగును. ఆ వెలుగు ప్రక్కనున్న కాంతిగ్రాహకముపై పడి ధ్వనిని తగ్గించును. వెలుగు పోయినను గ్రాహకము వెంటనే మఱువదు. సగము క్షణములో కోలుకొని, తక్కిన సగమునకు తీరికగా సమయము తీసికొనును. ఈ మాంద్యమే గాయకుల గొంతులకు మిక్కిలి అనుకూలించెను.

కాపలాకై పెట్టిన యంత్రమును వాద్యముగ వాడుకొనిన వారును కలరు. 1966లో లండనులోని అబ్బే రోడ్డున బీటిల్స్ బృందము రివాల్వర్ అను రికార్డును చేయునపుడు, ఒక పాటలో డ్రమ్ము మ్రోతను ఫెయిర్‌చైల్డ్ యంత్రముతో కావలెననియే గట్టిగా అదిమించిరి. అది తప్పని నేననను. తెలిసి చేసిన వికృతి వేఱు, ఎఱుగక జరిగిన నష్టము వేఱు.

మఱచిన రెండవ సగమును తిరిగి పట్టుకొనిన వాడు రే డాల్బీ. ఈయన 1963 మొదలు రెండేండ్లు ఐక్యరాజ్యసమితి సలహాదారుగ మన భారతదేశమున పని చేసి, 1965లో లండనున తన సంస్థను స్థాపించెను. టేపుపై ఎక్కించునపుడు మెల్లని ధ్వనుల నెత్తి, వినిపించునపుడు దించి, టేపు యొక్క బుస్సుమను సద్దు నణచుట ఆయన పద్ధతి. వెనుకటి కంపాండరు ధర్మమే ఇది.

1982లో విపణికి వచ్చిన కాంపాక్ట్ డిస్కునకు 96 డెసిబెల్ల వెడల్పు కలదు. గాయకులకు ఇంతటి విశాలమైన మైదానము మున్నెన్నడును దొరకలేదు. అయినను 1990ల నుండి, ప్రక్కవాని పాట కంటె తమ పాట బిగ్గఱగా వినబడవలెనను పోటీలో, సంస్థలు ఆ మైదానపు కొసనే ఇఱుకుగా నిలిచినవి. 2008లో మెటాలికా బృందపు రికార్డొకటి ఎంతగా అదుమబడెననిన, వేలకొలది శ్రోతలు సంతకములతో మొఱపెట్టుకొనిరి. 2006లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషను సంఘము, శిఖరములను గాక చెవికి తోచు బిగ్గఱతనమును కొలుచు పద్ధతిని నిర్ణయించెను. ప్రకటనలు కార్యక్రమముల కంటె బిగ్గఱగా నుండరాదని అమెరికా 2010లో టెలివిజనుకు చట్టము చేసెను. ఇంటర్నెట్టున పాటలు వినిపించు సంస్థలలో పెక్కు నేడు అన్ని పాటలను ఒకే మట్టమునకు తెచ్చి వినిపించుచున్నవి. కావున అదిమి అఱపించుటవలన లాభము తగ్గినది.

ఇక సభలు, ఉత్సవముల మాట. ఇచ్చట హెచ్చు స్వరమునకు స్పీకరులోని తీగచుట్ట కాలిపోకుండ కంప్రెసర్ కాచును. కాని దీనిలో ఒక చిక్కు కలదు. గట్టి స్వరమును 10 డెసిబెల్లు అదిమి, తగ్గిన దానిని పూరించుటకై మొత్తమును 10 డెసిబెల్లు ఎత్తితి మనుకొందము. గాయకుడు మౌనముగ నున్నపుడు అదుముట ఉండదు, ఎత్తుట మాత్రము నిలిచియుండును. అపుడు స్పీకరు ధ్వని మైకులోనికి మరల జొచ్చి, ఆ చెవులు చీల్చు కూత బయలుదేఱును. కావున మైకు సరిచేయువాడు పాట సాగునపుడు మాత్రమే గాక, వేదికపై ఎవరును పలుకనపుడు కూడ ఒకమాఱు పరీక్షింపవలెను. ఎత్తుడును సగమునకు తగ్గించుకొనవలెను. తక్కినది నటులే చూచుకొందురు. పద్యము తారాస్థాయి నందుకొనునపుడు మైకునకు రెండడుగులు వెనుకకు జరిగి, వచనమునకు మరల దగ్గఱకు వచ్చు నటునకు ఈ యంత్రముతో పని స్వల్పము.