అమెరికా అధ్యక్షుని యెన్నికలు: వోటరుల వైముఖ్యము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో సుఖమునకు మరగిన జనులు అధ్యక్షుని యెన్నికనుగూడ లక్ష్యపెట్టరని పెక్కుమంది తలంతురు. ఈ తలంపు కొంత సత్యము, కొంత యసత్యము. చరిత్రను బరికించినచో వోటునకు రానివారు రెండు తెగలుగా గనబడుదురు: రానొల్లనివారు, రానీయబడనివారు.

ఆండ్రూ జాక్సను గెలిచిన 1828 మొదలు ఎన్నికలు జనసామాన్యమునకు తిరునాళ్లవంటి వయ్యెను. దివిటీల యూరేగింపులతో వీధులు నిండుచుండెను. 1840లో అర్హులలో నూటికి 80 మంది, 1876లో సుమారు 82 మంది వోటుచేసిరి. ఆ యర్హులలో స్త్రీలు లేరని మాత్రము మఱవరాదు. మఱియు కక్షలవారే చీట్లు అచ్చువేయించి పంచుచుండుటచే ఎవరి వోటు ఎవరికో యెల్లరకును దెలియుచుండెను. లంచమునకును బెదరింపునకును అది త్రోవయయ్యెను.

ఈ దోషమును మాన్పుటకై 1888 మొదలు రహస్యపు వోటు రాష్ట్రములలో వ్యాపించెను. ఇది మేలైన సంస్కరణమే. కాని దక్షిణ రాష్ట్రములలో సంస్కరణమను పేరు దౌర్జన్యమునకు ముసుగయ్యెను. జాతినిబట్టి వోటు నిరాకరింపరాదని 1870లో పదునైదవ సవరణము శాసించియుండగా, 1890లో మిసిసిపీ రాష్ట్రము తలపన్నును, అక్షరపరీక్షను విధించెను. తక్కినవి దాని ననుసరించెను. లూసియానాలో 1896లో నమోదైన నల్లజాతి వోటరులు 1,30,334 మంది. 1904లో 1,342 మంది! ఎనిమిదేండ్లలో లక్షమందికిపైగా జనులకు ఒక్కమారుగా విరక్తి పుట్టెనని యెవరు నమ్ముదురు?

1920లో స్త్రీలకు దేశమంతటను వోటు లభించెను. క్రొత్తగా హక్కు వచ్చినవారి కింకను అలవాటు పడలేదు గావున ఆ యేట వచ్చినవారు నూటికి 49 మందియే. 1965 నాటి చట్టము దక్షిణమున మూసిన తలుపులను దెఱచెను. కాని వియత్నాము యుద్ధమును, 1974లో నిక్సను పదవిని వీడిన తెఱంగును జనుల విశ్వాసమును గదలించెను. 1960లో సుమారు 63 మంది రాగా, 1996లో ఇంచుమించు సగముమందియే వచ్చిరి. 1993లో నమోదును సులభముచేసిన చట్టముకూడ దీని నాపజాలకపోయెను. నిజమైన వైముఖ్య మిదియే.

2000లోను, 2016లోను దేశమున నెక్కువ వోట్లు పొందినవారే యోడిపోయిరి. ఇందువలన వైముఖ్యము ముదురవలసియుండగా, 2020లో నూటికి సుమారు 66 మంది వచ్చిరి. 1900 తరువాత అంతటి సంఖ్య లేదు. నమ్మకము పెరిగినందున వచ్చిరని చెప్పజాలము. ఎవరు గెలిచినను ఒక్కటే యను భావము తొలగుటయు, టపాద్వారా వోటుచేయు వీలు విరివిగా గలుగుటయు కారణములని మాకు దోచుచున్నది. తలుపును దెఱచియుండవలెను, లోనికి బోవుటకు పనియు నుండవలెను.

మేము బడిపంతులము, అక్షరజ్ఞానము వృద్ధిపొందవలెనని కోరువారము. అయినను, చదువురానివారికి వోటేల యని మనలో నప్పుడప్పుడు వినవచ్చు మాటను మేమొప్పము. అట్లు పలుకు విద్యావంతులు లూసియానా యంకెల నొకమారు చదువుదురు గాక.