వగరు

బెల్లంకొండలో కోట ఉన్న గుట్ట కింద నేరేడుపళ్లు తిన్న నోటికి వగరంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. నాలుక ఊదారంగుకు తిరుగుతుంది, బుగ్గల లోపల పట్టేసినట్టవుతుంది. వక్కదీ, పచ్చి అరటికాయదీ, మామిడి పిందెదీ ఇదే పట్టు. షడ్రుచుల్లో సంస్కృతం కషాయమన్నది దీన్నే. కన్నడంలో ఒగరు, రెండూ అక్కచెల్లెళ్లని వినగానే తెలుస్తుంది.

షిరాజ్ అనే ఎర్ర వైన్‌ని మొదటిసారి చప్పరించినప్పుడు నాకు ముందు తట్టింది ఈ మాటే. చిక్కటి వైన్, మీగడపాలలా నోరంతా నిండింది, ఆపైన వగరు. ఆ రంగూ వగరూ ద్రాక్షరసంలోంచి కాదు, ముఖ్యంగా తొక్కలోంచి వస్తాయి. అందుకే నల్లద్రాక్షను తొక్కలతో సహా పులియబెడతారు. వగరుకు మూలం టానిన్. తోళ్లు పదును చేసే చెట్టుపట్ట వల్ల దానికా పేరొచ్చింది. మన దగ్గర ఆ పని తంగేడుపట్ట చేసేది.

షిరాజ్ ఇరాన్‌లో ఊరు. ఆ పేరున్న ద్రాక్ష మాత్రం ఫ్రాన్స్‌దేనని 1998లో డీఎన్ఏ పరీక్షలు తేల్చాయి: దాని తల్లి మాందూజ్ బ్లాంష్ అనే ద్రాక్ష, తండ్రి దురెజా అనే ద్రాక్ష. ఇప్పుడది నాసిక్ తోటల్లోనూ కాస్తోంది. ఆ వైన్‌ని వర్ణించడానికి ఇంగ్లిషు మాటలు వెతుక్కోనక్కర్లేదు. మనకు వగరు ఎప్పటినుంచో ఉంది.