మధుమేహమున చేతి తిమ్మిరి, పట్టు సడలుట

రక్తమున చక్కెర చిరకాలము హెచ్చియుండుటచే నాడులు క్షీణించి, స్పర్శజ్ఞానము మందగించు ఈ వికారము సాధారణముగా తొలుత పాదములను, పిమ్మట హస్తములను ఆక్రమించును. పాదములు బాగుండగా చేతులే, అందును రాత్రివేళ బొటన, చూపుడు, నడిమి వ్రేళ్లు తిమ్మిరెక్కినచో, మణికట్టున నాడి నొక్కబడుచున్నదని శంకింపవలెను. మహబూబాబాదు జిల్లా తొర్రూరు ప్రాంతమున పత్తి ఏరు, మిరపకాయలు కోయు కూలీలకు వ్రేళ్ల పట్టే జీవనాధారము గనుక, ఈ బాధను వార్ధక్యముగా నెంచి ఉపేక్షించుట మిక్కిలి అనర్థము. నమస్కరించునప్పుడు అరచేతులు పూర్తిగా కలియకున్నచో, కీళ్లు బిగిసినవేమోయని చూపించుకొనవలెను. చక్కెరను అదుపున నుంచుకొని, రాత్రులందు మణికట్టు వంగకుండ పట్టీ కట్టుకొని, కొడవలి పిడికి గుడ్డ చుట్టి లావుచేసికొనుట మేలు. స్పర్శ తెలియని చేతితో పొయ్యిమీది గిన్నెను మసిగుడ్డ లేక దింపరాదు. మధుమేహపు మందగు మెట్‌ఫార్మిన్ చిరకాలము వాడువారికి బి12 విటమిను తగ్గియు తిమ్మిరి కలుగవచ్చును గనుక, వారు ఆ పరీక్షయు చేయించుకొనదగును. ఒక్క చేయి హఠాత్తుగా చచ్చుబడినచో అది పక్షవాతము కావచ్చును గనుక తత్‌క్షణమే ఆసుపత్రికి పోవలెను.