కొలతల నుంచి విస్మయానికి: ఆర్థర్ సి. క్లార్క్ రచనా ప్రస్థానం

శాస్త్రం కాదనలేని ఊహను పునాదిగా పెట్టుకొని అల్లే కథలను విజ్ఞాన కల్పన అంటారు. ఇరవయ్యో శతాబ్దంలో ఈ సాహిత్యశాఖకు పేరు తెచ్చినవారిలో ఆర్థర్ సి. క్లార్క్ (1917–2008) ముఖ్యుడు. ఆయన ఊహించిన వాటిలో కొన్ని ఆయన బతికుండగానే యంత్రాలై ఆకాశంలో తిరిగాయి కాబట్టి జోస్యుడిగా ఆయన కీర్తి ఎక్కువ. కానీ సాహిత్యచరిత్రలో ఆయనను నిలబెట్టేది జోస్యంకన్నా శైలి. పొడవులు, వేగాలు, ఉష్ణోగ్రతలు నిండిన పొడి వచనంతో మొదలుపెట్టి, ఆ లెక్కల మీదుగానే పాఠకుణ్ణి మాట పెగలని విస్మయం దాకా నడిపించడం ఆయన పద్ధతి. ఆ పద్ధతి మూలాలు ఆయన చదివిన నవలల్లో కన్నా చేసిన ఉద్యోగాల్లోనే ఎక్కువగా కనిపిస్తాయి.

ఇంగ్లండులోని సోమర్సెట్ ప్రాంతంలో, మైన్‌హెడ్ అనే సముద్రతీరపు ఊళ్లో పుట్టి, వ్యవసాయ కుటుంబంలో పెరిగిన క్లార్క్ పదమూడో ఏట తండ్రిని కోల్పోయాడు. అమెరికా నుంచి వచ్చే చౌకరకం కథల పత్రికలు బాల్యంలోనే ఆయనకు అంతరిక్షం మీద మోజు పుట్టించాయి. విశ్వవిద్యాలయానికి వెళ్లే స్తోమత లేక 1936లో లండన్ చేరి ప్రభుత్వ ఆడిట్ శాఖలో గుమాస్తాగా కుదిరాడు. రాకెట్ల మాట ఎత్తితే జనం నవ్వే ఆ రోజుల్లోనే, గ్రహాంతర యానాన్ని ఆశయంగా పెట్టుకొన్న బ్రిటిష్ ఇంటర్‌ప్లానెటరీ సొసైటీలో చురుకుగా పనిచేశాడు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక 1941లో వైమానిక దళంలో చేరి, పొగమంచులో దారి కానరాని విమానాలను రాడార్ తెరమీద చూస్తూ, రేడియోలో పైలట్‌కు క్షణక్షణం సూచనలిచ్చి నేలకు దించే కొత్త పరికరంపై పనిచేశాడు. ఒక్క మాట అస్పష్టంగా పలికినా ప్రాణాలు పోయే పని అది. ఆ అనుభవాన్ని 1963లో ‘గ్లైడ్ పాత్’ అనే నవలగా రాశాడు గాని, దాని అసలు ప్రభావం ఆయన వాక్యం మీదే పడింది: పొట్టి వాక్యం, సందిగ్ధానికి చోటులేని క్రియ, అలంకారం దగ్గర పొదుపు. యుద్ధం ముగిశాక లండన్ కింగ్స్ కళాశాలలో గణిత, భౌతిక శాస్త్రాలు చదివి 1948లో ప్రథమ శ్రేణిలో పట్టా పొందాడు.

ఇంకా సైనికోద్యోగంలో ఉండగానే, 1945 అక్టోబరు ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రికలో ఆయన వ్యాసం ఒకటి అచ్చయింది. భూమధ్యరేఖకు ఎగువన దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే వస్తువుకు ఒక ప్రదక్షిణకు పట్టే కాలం భూమి తన చుట్టూ తాను తిరిగే కాలానికి సమానం కాబట్టి, అది నేలమీది మనిషికి కదలకుండా ఒకేచోట ఉన్నట్టు కనిపిస్తుంది. దీన్నే భూస్థిర కక్ష్య అంటారు. ఈ కక్ష్య సంగతి 1920ల్లోనే కొందరికి తెలుసు. అక్కడ సమాన దూరాల్లో మూడు కేంద్రాలు నిలిపితే భూగోళమంతటికీ ప్రసారాలు అందించవచ్చని లెక్కలతో చూపడం క్లార్క్ చేసిన పని. ఆ ఆలోచనకు ఆయన పేటెంటు తీసుకోలేదు. పాడైన వాక్యూమ్ గొట్టాలను మార్చడానికి ఆ కేంద్రాల్లో మనుషులు కాపురముండాలని ఆయన అనుకొన్నాడు. ట్రాన్సిస్టర్ రాకతో ఆ అవసరం తీరిపోయింది.

కథకుడిగా ఆయన ప్రతిభ మొదట చిన్న కథల్లో తేటపడింది. 1955లో వచ్చిన ‘ది స్టార్’ కథలో, అంతరిక్ష నౌకలో ప్రయాణిస్తున్న ఒక క్రైస్తవ సన్యాసి ఖగోళ శాస్త్రజ్ఞుడు కూడా. పేలిపోయిన ఒక నక్షత్రపు శిథిలాలను పరిశీలిస్తూ, ఆ పేలుడులో ఒక ఉన్నత నాగరికత మొత్తం బూడిదైందని తెలుసుకొంటాడు. పేలుడు ఎప్పుడు జరిగిందో, దాని వెలుగు భూమిని ఎప్పుడు చేరిందో లెక్క కట్టినప్పుడు, క్రీస్తు పుట్టిన వేళ తూర్పున మెరిసిన తార అదేనని తేలుతుంది. కథకుడు నాస్తికవాదం వినిపించడు. ఒక తేదీని మరో తేదీ పక్కన పెట్టి, ఇలా ఎందుకని దేవుణ్ణి ఒక్క ప్రశ్న అడిగి ఊరుకొంటాడు. క్లార్క్ రాసినవాటిలో ఇంత తక్కువ మాటల్లో ఇంత లోతుకు దిగినది మరొకటి లేదు. దీనికి 1956లో హ్యూగో పురస్కారం వచ్చింది. హ్యూగో అంటే ప్రపంచ విజ్ఞాన కల్పనా సమ్మేళన సభ్యులు, అంటే ముఖ్యంగా పాఠకులు, ఓటు వేసి ఇచ్చేది. ఆ తరువాత మొదలైన నెబ్యులా పురస్కారాన్ని అమెరికాలోని తోటి రచయితల సంఘం ఎంపిక చేస్తుంది.

1956లోనే క్లార్క్ నివాసం సిలోన్‌కు, అంటే నేటి శ్రీలంకకు మారింది. సముద్రగర్భంలో ఈత మీది ప్రేమ ఆయనను అక్కడికి రప్పించింది. నీటిలో తేలే శరీరానికి బరువు తెలియదు కాబట్టి, రోదసిని భూమ్మీద రుచి చూడగల చోటు సముద్రమేనని ఆయన నమ్మకం. 1961లో ఆయన సహచరుడు మైక్ విల్సన్ బృందం లంక దక్షిణ తీరాన గ్రేట్ బాసెస్ దిబ్బ దగ్గర మునిగిన ఓడను కనుగొంది. అందులో దొరికినవి ఔరంగజేబు కాలంలో సూరత్ టంకశాలలో ముద్రించిన వెండి రూపాయలు, ఉప్పునీటిలో ముద్దలై రాళ్లలా గట్టిపడినవి. ఆ సంవత్సరమే యునెస్కో క్లార్క్‌కు కళింగ పురస్కారం ప్రకటించింది. శాస్త్రాన్ని సామాన్యులకు అందించేవారి కోసం ఒడిశా నాయకుడు బిజూ పట్నాయక్ ఆర్థిక సహాయంతో ఏర్పడిన గౌరవం అది.

భారతదేశంతో, అందులోనూ తెలుగు గ్రామాలతో క్లార్క్ ఆలోచనకు ముడి పడింది 1975లో. ఆ ఏడాది ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు, అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఇస్రో నిర్వహించిన ‘సైట్’ ప్రయోగంలో, ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు నేరుగా ఉపగ్రహం నుంచి టెలివిజన్ కార్యక్రమాలు అందాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. సేద్యం, ఆరోగ్యం, పిల్లల చదువు గురించిన తెలుగు కార్యక్రమాలను, కోళ్ల గూళ్లకు వాడే తీగవలతో చేసిన గొడుగులాంటి యాంటెన్నా పట్టి ఇస్తే, ఊరంతా ఒకచోట కూడి చూసింది. ముప్పై ఏళ్ల కిందటి ఆ వ్యాసం అంచనా వేసిన ప్రయోజనం ఇంత నిరాడంబరంగా నెరవేరిన సందర్భాలు తక్కువ. కృతజ్ఞతగా ఇస్రో ఇంజనీర్లు కొలంబోలోని క్లార్క్ ఇంటిమీద అలాంటి యాంటెన్నానే బిగించారు. శ్రీలంకకు సొంత టెలివిజన్ ప్రసారాలు మొదలైంది ఆ తరువాతే, 1979లో.

దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్‌తో కలిసి 1964 నుంచి రూపొందించిన ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ ఆయన పేరును సాహిత్యపు హద్దులు దాటించింది. 1968లో సినిమా, కొద్ది వ్యవధిలో నవల వెలువడ్డాయి. కుబ్రిక్ మౌనంగా వదిలేసినచోట క్లార్క్ కారణం చెబుతాడు. నౌకను నడిపే కంప్యూటర్ హాల్ ఎందుకు హత్యలకు దిగిందో సినిమా ప్రేక్షకుడు ఊహించుకోవాలి; నవలలో దానికి ఇచ్చిన రెండు ఆజ్ఞలు ఒకదానికొకటి విరుద్ధమై, నిజం దాచలేక, చెప్పలేక అది చెడిపోయిన క్రమం పూసగుచ్చినట్టు ఉంటుంది.

పురస్కారాల లెక్కలో, శిల్పంలో కూడా శిఖరం 1973 నాటి ‘రాందేవూ విత్ రామా’. ఇరవై రెండో శతాబ్దంలో సౌర కుటుంబంలోకి దూసుకొచ్చిన ఒక వస్తువుకు, గ్రీకు, రోమన్ దేవతల పేర్లన్నీ అప్పటికే అయిపోవడంతో, ఖగోళ శాస్త్రజ్ఞులు హిందూ పురాణాల నుంచి రాముడి పేరు పెడతారు. అది 50 కిలోమీటర్ల పొడవు, 20 కిలోమీటర్ల వ్యాసం గల బోలు స్తూపం. నాలుగు నిమిషాలకొకసారి తన చుట్టూ తాను తిరుగుతుంది కాబట్టి లోపలి గోడమీద నిలబడినవాడికి భూమ్మీది బరువులో సగానికి పైగా ఉంటుంది. లోపల స్తూపాన్ని ఒడ్డాణంలా చుట్టిన సముద్రానికి ఉత్తరాన 50 మీటర్ల గట్టు, దక్షిణాన 500 మీటర్ల గట్టు. ఈ తేడా ఎందుకో నావికులు తర్కిస్తారు: నౌక వేగం పుంజుకొంటే నీరు వెనక్కి ఎగదన్నుతుంది, దాన్ని ఆపడానికే వెనకవైపు గట్టు ఎత్తు, కాబట్టి ఈ లోకం ఏ దిక్కుకు నడుస్తుందో తెలిసినట్టే. క్లార్క్ శైలి సారమంతా ఈ ఘట్టంలో ఉంది. వర్ణనగా చదివిన అంకె కొన్ని పుటల తరువాత సాక్ష్యమవుతుంది. పాఠకుడికి కలిగే ఆనందం రహస్యం విప్పిన ఆనందం. అయితే దీన్ని నిర్మించినవారు ఎవరో, ఎందుకు వచ్చారో పుస్తకం ముగిసినా తెలియదు, మనుషుల ఉనికిని రామా పట్టించుకోను కూడా పట్టించుకోదు. ఈ నవలకు హ్యూగో, నెబ్యులా రెండూ దక్కాయి.

అవే రెండు పురస్కారాలు పొందిన ‘ది ఫౌంటెన్స్ ఆఫ్ పారడైజ్’ (1979)లో లంకే కథాస్థలం. భూమి నుంచి భూస్థిర కక్ష్య దాకా నిలువునా తీగ కట్టి, దానిమీద బరువులు పైకి పంపే ‘అంతరిక్ష నిచ్చెన’ భావనను సోవియట్ ఇంజనీరు యూరి అర్త్సుతానోవ్ 1960లోనే ప్రచురించాడు. క్లార్క్ దాని అడుగును బౌద్ధ భిక్షువులు నివసించే పవిత్ర పర్వతం మీద నిలిపి, సిగిరియా శిలాదుర్గం కట్టిన రాజు కాశ్యపుడి గాథను పోలిన కథను పక్కన నడిపాడు. శ్రీపాద శిఖరాన్ని తలపించే ఆ కొండ భూమధ్యరేఖ మీద ఉండాలి కాబట్టి, ద్వీపాన్నే 800 కిలోమీటర్లు దక్షిణానికి జరిపాడు. లెక్క కుదరడం కోసం భూగోళాన్ని మార్చడానికి వెనుకాడని ఈ రచయిత, దానికి అడ్డుచెప్పే భిక్షువుల వాదనను మాత్రం ఎక్కడా తేలిక చేయలేదు.

పాత్రపోషణలో ఆయన బలహీనుడనే విమర్శ న్యాయమైనదే. ఆయన కమాండర్లు, ఇంజనీర్లు ఒకరి మాట మరొకరి నోట పెట్టినా తేడా తెలియదు. స్త్రీ పాత్రలు పలచన. జెంట్రీ లీతో కలిసి రాసిన రామా కొనసాగింపులు మొదటి నవల దరిదాపులకు రాలేదు. మంచి రచనల్లో ఈ లోపం అంతగా బాధించకపోవడానికి కారణం, అక్కడ మనిషి తనకన్నా పెద్దదాని ముందు నిలిచిన సాక్షిగా మాత్రమే ఉండటం. 1962లో సోకిన పోలియో దుష్ఫలితాలు ముసలితనంలో తిరగబెట్టి చక్రాల కుర్చీకి పరిమితమైనా రాయడం మానని క్లార్క్, శ్రీలంక అత్యున్నత పౌర గౌరవం ‘శ్రీలంకాభిమన్య’ను 2005లో అందుకొని, 2008 మార్చి 19న కొలంబోలో మరణించాడు. ఆయనను తొలిసారి చదవబోయే తెలుగు పాఠకులు సినిమా వల్ల పేరొందిన నవలను పక్కనపెట్టి, ముందు ‘ది స్టార్’ కథను, ఆ తరువాత రామాను చదవడం మంచిది.