పొలం దాటి గదిలోకి వచ్చిన మందు మొక్క

2001లో అమెరికాలోని నెబ్రాస్కాలో ప్రయోగం కోసం కొంత మొక్కజొన్న వేశారు. చూడ్డానికి మామూలు పైరే. పందిపిల్లల పారుడు రోగానికి పనికొచ్చే టీకా ప్రోటీన్ గింజలోనే తయారయ్యేలా ప్రొడిజీన్ అనే కంపెనీ అందులో కొత్త జన్యువు చొప్పించింది. ధాన్యం పండినంత తేలిగ్గా మందూ పండుతుందన్నది ఆశ.

మరుసటి ఏడాది అదే నేలలో సోయా వేశారు. రాలిన మొక్కజొన్న గింజలు చాళ్ల మధ్య పడి మొలిచాయి. అవి సోయాతో పాటే కోతకొచ్చి, అరోరా పట్టణంలోని గిడ్డంగికి చేరాయి. కాసిని ఆకులు, కాడల కోసం 5 లక్షల బుషెళ్ల సోయాను, అంటే 13 వేల టన్నులకు పైగా పంటను, ప్రభుత్వం ఆపేసి నాశనం చేయించింది. కంపెనీకి 2.5 లక్షల డాలర్ల జరిమానా పడింది. శుభ్రం చేసిన ఖర్చు దానికి అదనం.

ఆ తర్వాతి విజయాలు పొలంలో కాదు, నాలుగు గోడల మధ్య వచ్చాయి.

మొదటిది కోళ్లది. మెడ మెలిదిరిగి, నోరు తెరిచి ఎగపీల్చే కోడిని చూస్తే కొక్కెర తెగులని మన పల్లెల్లో ఇట్టే చెబుతారు. రాణిఖేత్ అన్నా, న్యూకాజిల్ అన్నా అదే. ఆ వైరస్ పైపొరలోని ఒక ప్రోటీన్ జన్యువును డౌ ఆగ్రోసైన్సెస్ అనే కంపెనీ పొగాకు కణాల్లోకి ఎక్కించింది. మట్టి లేదు, ఆకు లేదు. మూసిన పాత్రల్లో పోషక ద్రవంలో కణాలు పెరిగాయి. 2006 జనవరిలో అమెరికా వ్యవసాయ శాఖ ఆ టీకాకు అనుమతిచ్చింది. మొక్క కణాల నుంచి వచ్చిన టీకాకు అక్కడ అనుమతి దొరకడం అదే తొలిసారి. అయినా కంపెనీ దాన్ని అమ్మకానికి తేలేదు.

అమ్మకం దాకా వెళ్లింది జపాన్ స్ట్రాబెర్రీ. హొక్కైడో దీవిలో హొకుసాన్ కంపెనీ, ఎఐఎస్‌టీ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ కలిసి, కుక్క శరీరంలో తయారయ్యే ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా అనే ప్రోటీన్ జన్యువును స్ట్రాబెర్రీలో పెట్టాయి. మూసిన గదిలో, దీపాల వెలుగులో, మట్టి లేకుండా మొక్కలు పెంచాయి. స్ట్రాబెర్రీకి విత్తనం అక్కర్లేదు. తీగ నుంచి వచ్చిన పిలకను నాటితే తల్లి మొక్క గుణాలే దిగుతాయి.

ప్రోటీన్‌ను విడదీసి శుద్ధి చేయడం మందుల తయారీలో బాగా ఖర్చయ్యే పని. ఇక్కడ ఆ అవసరమే రాలేదు, పండే మందు. 2013లో అనుమతి వచ్చింది. 2014లో ‘ఇంటర్‌బెర్రీ ఆల్ఫా’ పేరుతో అమ్మకాలు మొదలయ్యాయి. పండును గడ్డకట్టించి, ఆరబెట్టి, పొడి చేస్తారు. చిగుళ్లు వాచిన కుక్క పెదవి పైకెత్తి, ఆ పొడిని వేలితో చిగురు మీద రుద్దుతారు.