పెంటల పేర్లు, అడవి హక్కులు: అమ్రాబాద్ చెంచులు, దేవరకొండ తండాలు

1950లో రాష్ట్రపతి జారీచేసిన షెడ్యూల్డు ప్రాంతాల (బి-భాగ రాష్ట్రాల) ఉత్తర్వును న్యాయశాస్త్రం చదివేవారు తప్ప ఇతరులు సాధారణంగా తెరిచి చూడరు. అయితే తెలుగు పరిశోధకులకు, ముఖ్యంగా గ్రామనామాలపై పనిచేసేవారికి, అది విలువైన ఆకరం. మహబూబ్‌నగర్ జిల్లా అచ్చంపేట తాలూకా నుంచి షెడ్యూల్డు ప్రాంతంలో చేర్చిన ఊళ్ల పట్టిక అందులో ఉన్నది. అమ్రాబాద్, మన్ననూరు వంటి పెద్ద ఊళ్లతోపాటు తాపసి పెంట, బావి పెంట, జలాల్ పెంట వంటి చిన్న చిన్న ఆవాసాలు కూడా అందులో కనిపిస్తాయి. ఆంగ్ల ముద్రణలో ఈ పేర్లు చాలావరకు చెడిపోయాయి. ‘చెరువు’ అన్న మాటలో ఒక అక్షరం తలకిందులై ‘చెర్న్‌వు’ అయింది. ‘వెటొల్లపల్లి’ నేటి వటవర్లపల్లి కాబోలు.

మైదాన ప్రాంతపు తెలుగులో ‘పెంట’ అంటే పేడకుప్ప, చెత్తకుప్ప. నల్లమలలో అదే మాటకు చెంచుల గూడెం అని అర్థం. మందలు నిలిచే చోటు అన్న అర్థం ఈ రెండింటినీ కలిపే వంతెన అయి ఉంటుందని ఊహించవచ్చు. పెంటకు ముందు వచ్చే పదాన్ని గమనిస్తే అది తరచుగా ఒక చెట్టో, నీటి వనరో అవుతుంది. తాపసి చెట్టు బంక చెంచుల ముఖ్యమైన అటవీ ఫలసాయాలలో ఒకటి. పట్టికలోని ‘పులిచెలమ’ పేరులో నీటి చెలమ, దాని దగ్గరకు వచ్చే జంతువు రెండూ ఉన్నాయి. బతుకుతెరువు ఎక్కడ దొరుకుతుందో చెప్పే పేర్లివి. జలాల్ పెంట, రసూల్ చెరువు వంటివి నిజాం పాలన వేసిన ముద్రను చూపుతాయి.

క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1940లో ఈ పీఠభూమిపై క్షేత్రపరిశోధన చేశాడు. చెంచులపై ఆయన గ్రంథం 1943లో వెలువడింది. అదే సంవత్సరం ‘చెంచులక్ష్మి’ చలనచిత్రం కూడా విడుదలైంది. నరసింహస్వామికి పిల్లనిచ్చినవారిగా తెలుగు సమాజం చెంచులతో బంధుత్వం కలుపుకున్నది, శ్రీశైల మల్లన్నను చెంచు మల్లన్న అని కూడా పిలుచుకున్నది. పురాణంలో ఇచ్చిన ఈ చుట్టరికం అడవి మీద హక్కు దగ్గరకు వచ్చేసరికి ఎందుకు కనిపించదన్నది మన సాహిత్య విమర్శ అంతగా పట్టించుకోని ప్రశ్న. హైమెన్‌డార్ఫ్ సిఫారసు మేరకు నిజాం ప్రభుత్వం అమ్రాబాద్ ఎగువ పీఠభూమిలో చెంచులకొక రిజర్వును ఏర్పాటు చేసింది. ఆ ఆలోచనకు రక్షణే ప్రధానం. స్వామ్యం అందులో లేదు.

1950 నాటి పట్టిక ఊరిని గుర్తించింది గాని, ఆ గుర్తింపు వల్ల పెంటకు దక్కిన ఫలం స్వల్పం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనావళి 1963లో తెలంగాణ షెడ్యూల్డు ప్రాంతాలకు విస్తరించింది. అది పట్టా భూములు గిరిజనేతరుల పాలు కాకుండా అడ్డుకోగలదు. రిజర్వు అడవిలోని పెంటకు పట్టా ఎక్కడిది? 1978లో అభయారణ్యం వచ్చింది, 1983లో పులుల ప్రాజెక్టు వచ్చింది. రాష్ట్రపతి ఉత్తర్వులో పేరున్న ఊరు అటవీశాఖ లెక్కలో అనుమతి మీద నిలిచే నివాసంగా మారింది. నేటి అమ్రాబాద్ పులుల అభయారణ్యం విస్తీర్ణం సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు. తేనె, బంక, కుంకుళ్లు సేకరించి బతికినవారికి ఆ దారులు ఇరుకైనకొద్దీ కూలి ఒక్కటే మిగిలింది. వలసకూలీకి పేరుపడిన పాలమూరులో ఈ మార్పును విడిగా చూడలేము.

నల్లగొండ సంగతి దీనికి తలకిందులు. ఆ జిల్లాలో ఒక్క ఊరు కూడా షెడ్యూల్డు ప్రాంతంలో లేదు. తెలంగాణ లంబాడాలు 1976 చట్టంతో షెడ్యూల్డు తెగల జాబితాలో చేరారు. మనిషికి గుర్తింపు వచ్చింది, తండా నిలిచిన నేలకు రాలేదు. ఈ తేడా 2003లో స్పష్టంగా బయటపడింది. దేవరకొండ వైపు లంబాపురం, పెద్దగట్టులలో యురేనియం గనులు ప్రతిపాదించి ఆ ఆగస్టులో ప్రజాభిప్రాయ సేకరణ జరిపినప్పుడు, ఐదవ షెడ్యూలు ఆసరా లేని తండాలవారు పర్యావరణ వాదంతోనే నిలబడవలసి వచ్చింది. నాగార్జునసాగర్ జలాశయం, హైదరాబాదుకు తాగునీరందించే అక్కంపల్లి దగ్గరలోనే ఉండడం వారికి కలిసివచ్చింది. నగరం దాహం తోడుకాకపోతే తండా గోడు ఎంతదూరం వినిపించేదో చెప్పడం కష్టం.

2019లో యురేనియం అన్వేషణ ప్రతిపాదన అమ్రాబాద్‌కు వచ్చింది. చెంచులు, రైతులు, విద్యార్థులు, రచయితలు వ్యతిరేకించారు. సెప్టెంబరులో శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా ఏకగ్రీవంగా తీర్మానించింది. అక్కడ కూడా ‘నల్లమలను కాపాడాలి’ అన్న మాట వినిపించినంతగా ‘నల్లమల ఎవరిది’ అన్న ప్రశ్న వినిపించలేదు.

ఆ ప్రశ్నకు చట్టంలో చోటు లేకపోలేదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం 3(1)(ఇ) ఆదిమ గిరిజన సమూహాలకు ఆవాస హక్కును గుర్తిస్తున్నది. ఇక్కడ హక్కు కుటుంబానికి ఇచ్చే గరిష్ఠ పరిమితి అయిన నాలుగు హెక్టార్లకు పరిమితం కాదు, సమూహం తిరిగే, సేకరించే, మొక్కుకునే ప్రదేశానికంతటికీ వర్తిస్తుంది. ఈ చట్టపు నియమావళి ప్రభుత్వ పత్రాలతోపాటు పెద్దల వాఙ్మూలాన్ని, బావులు, శ్మశానాలు, పవిత్రస్థలాల వంటి ఆనవాళ్లను కూడా సాక్ష్యంగా స్వీకరిస్తుంది. 1950 పట్టిక స్వయంగా ప్రభుత్వ పత్రమే. 2016 పునర్విభజన తరువాత అమ్రాబాద్ నాగర్‌కర్నూల్ జిల్లాలోకి వెళ్లింది. చెడిపోయిన ఆంగ్ల రూపాల నుంచి ఒక్కొక్క పెంట అసలు పేరును చెంచు పెద్దల నోట విని సరిచేసి, అది ఏ చెలమ దగ్గర, ఏ చెట్టు కింద ఉండేదో నమోదు చేసే పని తెలుగు శాఖలు చేపట్టదగినది. అది నామవిజ్ఞాన పరిశోధన, గ్రామసభ ముందు పెట్టదగిన రుజువు కూడా.